లాన్సింగ్‌లో ఏముంది అంకుల్?

నోవైలోనో, కాంటన్‌లోనో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోనో ఇల్లు కొనుక్కుని, పొద్దున లేచి ఏదో ఒక కార్ల కంపెనీకో, ఆ కంపెనీకి సరుకిచ్చే ఇంకో కంపెనీకో పనిచేసే మన తెలుగు పిల్లలు ఎదురుపడితే నేను అడిగే మొదటి మాట ఒక్కటే. “లాన్సింగ్ చూశావా నాయనా?” అని. వాళ్లు కాసేపు ఆలోచిస్తారు. నయాగరా చూసుంటారు, షికాగో చూసుంటారు, మాకినా దీవికెళ్లి గుర్రబ్బండి ఎక్కి ఫొటోలు దిగుంటారు. లాన్సింగ్ పేరెత్తితే మాత్రం, “అక్కడేముంది అంకుల్? చాలా చిన్న ఊరు కదా” అంటారు. ఇంకొందరు, “పిల్లకి యూనివర్సిటీ చూపించడానికి ఈస్ట్ లాన్సింగ్ వెళ్లాం, పొద్దునెళ్లి మధ్యాహ్నానికి వచ్చేశాం” అంటారు. ఉన్న రాష్ట్రానికి రాజధాని అది. గంట ప్రయాణం. పైగా నువ్వు పొద్దస్తమానం ప్రోగ్రాం రాసేది కారు కోసం. కార్లతో బతికిన ఊరు గుమ్మంలో పెట్టుకుని ఏముందని అడుగుతావా!

ఏముందో చెబుతాను, కూర్చో. తొందరపడకు. మీ తరానికి మొదటి జబ్బు ఆ తొందరే.

నేను 1974లో కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ పట్టా చేతబట్టుకుని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి వచ్చాను. చదువయ్యాక అక్కడే, రాష్ట్రం రోడ్లు చూసే కొలువులో చేరి లాన్సింగ్‌లోనే పిల్లల్ని పెంచాను. అబ్బాయి ఇటు డెట్రాయిట్ శివారులో స్థిరపడ్డాక మేమూ మకాం మార్చాం గానీ, మా ఊరు ఏదని ఎవరైనా అడిగితే నా నోట మొదట వచ్చేది లాన్సింగే. సొంతూరు తెనాలి తర్వాత సంగతి.

మీరు ఇప్పుడు ఆ ఊరికెళ్లాలంటే ఫోన్‌లో పేరు కొట్టి ఐ-96 ఎక్కుతారు. అది ఎడమకు తిప్పమంటే ఎడమకు, కుడికి తిప్పమంటే కుడికి. దారిలో ఏ ఊరు దాటారో మీకు తెలియదు. మా రోజుల్లోనూ ఆ హైవే ఉంది, లేదనను. అయినా మేం పనిగట్టుకుని గ్రాండ్ రివర్ అవెన్యూ మీద వెళ్లేవాళ్లం. అది మొదట ఇక్కడి ఆదివాసుల కాలిబాట. తర్వాత 1850ల నాటికి చెక్క పలకలు పరిచి, సుంకం వసూలు చేసే బాట అయింది. ఆ తర్వాతే తారు రోడ్డు. బ్రైటన్, హోవెల్, ఫౌలర్‌విల్, విలియమ్స్‌టన్, ఒకమస్ — ఒక్కో ఊరి నడివీధిలోంచి వెళుతుంది. హోవెల్ దగ్గర ఆగి కాఫీ తాగడం, పొలంగట్టున బల్ల మీద అమ్మే మొక్కజొన్న పొత్తులు కొనడం, డబ్బులు అక్కడున్న డబ్బాలో వేసి రావడం. అలా వెళితే ఊరు మెల్లగా దగ్గరవుతుంది. పొలాలు పోయి ఇళ్లొస్తాయి, ఇళ్లు పోయి యూనివర్సిటీ వస్తుంది, అదీ దాటాక దూరాన తెల్లటి గుమ్మటం కనిపిస్తుంది. రాజధానికి చేరడమంటే అదీ. గంట ఆలస్యమైతే ఏం మునిగింది?

ఈ రాజధాని అసలు అడవిలో పుట్టింది. డెట్రాయిట్ సరిహద్దు మీద ఉంది, అవతల ఒడ్డున ఆంగ్లేయుల కెనడా, అక్కడ రాజధాని ఉండటం క్షేమం కాదని 1847లో శాసనసభ తేల్చింది. ఏ ఊరికి ఇవ్వాలో తేలక తన్నుకుని, చివరికి ఊరే లేని చోటికి, చెట్లూ చిత్తడీ తప్ప ఏమీ లేని చోటికి రాజధానిని తరలించారు. రాజధానుల గొడవలు తెలుగువాళ్లకు నేను కొత్తగా చెప్పాలా! ఇప్పటికీ ఆ ఊరి జనాభా లక్షా పన్నెండు వేల చిల్లరే. మన లెక్కన ఒక మోస్తరు పట్టణం. అయితే ఈ పట్టణంలో ఒక రిపేరు కొట్టు పెట్టినవాడి కొడుకు ప్రపంచాన్ని చక్రాల మీద ఎక్కించాడు. అది మరిచిపోయారు మీరు.

ఆ కుర్రాడి పేరు రాన్సమ్ ఓల్డ్స్. 1864లో ఒహాయోలో పుట్టాడు. వాళ్ల నాన్న 1880లో లాన్సింగ్ వచ్చి, నది దగ్గర ఇంజన్లు బాగుచేసే కొట్టు పెట్టాడు. పిల్లాడు బడి అయ్యాక ఆ కొట్టులోనే గ్రీజు చేతులతో పెరిగాడు. ఆవిరితో నడిచే బండి ఒకటి చేశాడు, దాన్ని మార్చి 1892లో ఇంకోటి చేశాడు. ఆ రెండో బండి ఎవరు కొన్నారనుకుంటున్నావ్? బొంబాయిలోని ఫ్రాన్సిస్ టైమ్స్ కంపెనీ. 1893లో, 400 డాలర్లకు. అమెరికా నుంచి బయటి దేశానికి అమ్ముడైన మొదటి మోటారు బండి అదేనని ఇక్కడివాళ్లు గర్వంగా చెబుతారు. ఈ సంగతి మన పిల్లలెంతమందికి చెప్పానో, ఒక్కడికీ ముందు తెలియదు. భారతదేశం నుంచి కార్ల పనికి మిషిగన్ వచ్చామని మీరనుకుంటున్నారు. మీకు వందేళ్లకు పైగా ముందే మిషిగన్ బండి భారతదేశానికి అమ్ముడుపోయింది.

తర్వాత 1897లో కంపెనీ పెట్టాడు, డెట్రాయిట్‌లో పెద్ద కర్మాగారం కట్టాడు. 1901 మార్చిలో అది తగలబడింది. ఆ మంటల్లోంచి బయటికి లాగిన నమూనా బండి ఒక్కటే మిగిలిందని, దాన్ని పట్టుకునే మళ్లీ మొదలుపెట్టాడని కథగా చెబుతారు. అదే కర్వ్‌డ్ డాష్ ఓల్డ్స్‌మొబిల్. గుర్రాన్ని విప్పేసిన జట్కా బండిలా ఉంటుంది. స్టీరింగు చక్రం లేదు, పడవకున్నట్టు ఒక కర్ర. సీటు కింద ఒకే సిలిండరు ఇంజను. ధర 650 డాలర్లు. కర్మాగారం కాలిపోయింది కాబట్టి భాగాలన్నీ బయట చేయించాడు. గేర్ల పెట్టె డాడ్జ్ అన్నదమ్ముల దగ్గర, కొన్ని ఇంజన్లు లీలండ్ దగ్గర. ఈ పేర్లు మీరెరిగినవే. తర్వాత ఒకరు డాడ్జ్ అయ్యారు, ఇంకొకరు కాడిలాక్ అయ్యారు. మీరు ఇవాళ గొప్పగా సప్లయ్ చెయిన్ అని చెప్పుకునేది ఆ కాలిన కర్మాగారం బూడిదలోంచి లేచింది. లాన్సింగ్ పెద్దలు స్థలం ఇచ్చి రమ్మంటే సొంతూరికి తిరిగొచ్చాడు. 1901లో 425 బండ్లు, మరుసటి ఏడాది 2,500, ఆ పై ఏడాది 4,000. ఫోర్డు కదిలే లైను పెట్టింది 1913లో. అంతకు పదేళ్లకు ముందే ఈయన ఒకే రకం బండిని వేలల్లో చేయించాడు. పాఠ్యపుస్తకాల్లో ఫోర్డు పేరే ఉంటుంది. నాకు ఇప్పటికీ ఆ మాట చదివితే ఒళ్లు మండుతుంది.

1904లో భాగస్వాములతో పడక ఆయన బయటికొచ్చేశాడు. తన పేరులో పొడి అక్షరాలు కలిపి రియో అని ఇంకో కంపెనీ అదే ఊళ్లో పెట్టాడు. పాత కంపెనీని 1908లో జనరల్ మోటార్స్ కొనుక్కుంది. ఒకే మనిషి పేరు మీద రెండు కార్ల కంపెనీలు, ఒకే ఊళ్లో, ఎదురెదురుగా పోటీ. రియో స్పీడ్ వాగన్ అనే చిన్న లారీ 1915లో వచ్చింది. మీలో పాటలు వినేవాళ్లకు ఆ పేరుతో ఒక సంగీత బృందం తెలిసుంటుంది. లారీ తెలియదు.

నేను వెళ్లిన ఏడాదికే, 1975లో, రియో వారసత్వంగా మిగిలిన లారీ కంపెనీ దివాలా తీసింది. ఆ వార్త వచ్చిన వారం ఊళ్లో జనం మాట్లాడుకున్న తీరు నాకు గుర్తుంది. ఎవరింట్లోనో పెద్దవాళ్లు పోయినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడతారే, అలా మాట్లాడుకున్నారు. కానీ ఓల్డ్స్‌మొబిల్ మాత్రం అప్పుడు దేదీప్యమానంగా ఉంది. 1976లో దేశం మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన కారు కట్లస్. 1977లో ఓల్డ్స్‌మొబిల్ పేరు మీదే ఏడాదికి పది లక్షల బండ్లు దాటాయి. వెర్లిండెన్ వీధిలో ఫిషర్ బాడీ కర్మాగారంలో కారు ఒళ్లు తయారయ్యేది. దాన్ని లారీలో ఎక్కించి ఊరికి అడ్డంగా ఓల్డ్స్ ప్రధాన కర్మాగారానికి తెచ్చి, అక్కడ ఇంజనూ చక్రాలూ బిగించేవాళ్లు. అంటే కారు పూర్తిగా కారు కాకముందే ఒకసారి ఊరంతా తిరిగేది. షిఫ్టు మారే వేళకు లోగన్ వీధి — ఇప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ బులవార్డ్ — జనంతో కిటకిటలాడేది. టిఫిన్ డబ్బాలు పట్టుకుని వచ్చే మనుషులు, పోయే మనుషులు. మేం విద్యార్థులం గ్యాస్ కొట్టించుకోవడానికి ఆగితే కూడా, “ఏ ప్లాంటులో పని?” అని అడిగేవాళ్లు. ఆ ఊళ్లో మనిషికి ఉండే మొదటి ప్రశ్న అది.

నా మొదటి కారు కూడా ఓల్డ్స్‌మొబిలే. డెల్టా 88. సెకండ్ హ్యాండ్. పక్కింట్లో ఉండే కార్మికుడు తన పాత బండి మారుస్తూ నాకిచ్చాడు. “ఇది నేను పనిచేసిన లైను మీంచే వచ్చింది, జాగ్రత్తగా చూసుకో” అని తాళాలు చేతిలో పెట్టాడు. కాకినాడలో సైకిలు తప్ప తొక్కని నాకు ఆదివారం ఆదివారం యూనివర్సిటీ ఖాళీ పార్కింగులో డ్రైవింగ్ నేర్పిందీ ఆయనే. క్లచ్ లేదు, గేరు మార్చే పని లేదు. అది కూడా ఓల్డ్స్‌మొబిల్ పుణ్యమే. దానంతటది గేర్లు మార్చుకునే హైడ్రామాటిక్‌ని మొదట జనానికి అమ్మింది వాళ్లే, 1940 మోడల్లో. ఆ పెద్దాయన బానెట్ ఎత్తి ఒక్కో భాగం పేరూ చెప్పి, చేత్తో ముట్టించేవాడు. ఇది కార్బురేటరు, ఇది ఫ్యాన్ బెల్టు, ఇక్కడ ఆయిలు చూడాలి, ఇక్కడ నీళ్లు. ఇప్పుడు బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత. దానికింద ఏముందో సొంతదారుకే తెలియదు. మా మనవడు కార్లకు సాఫ్ట్‌వేర్ రాస్తాడు, బంగారంలాంటి పిల్లాడు. టైరు మార్చమంటే మాత్రం ఫోన్ తీసి ఎవరినో పిలుస్తాడు. నాకు గుండె తరుక్కుపోతుంది.

మీ అత్తయ్య ఇక్కడ అడ్డు తగులుతుంది. జనవరి చలికి ఆ డెల్టా 88 పొద్దున్నే కదలక, మంచులో నిలబడి పక్కవాళ్ల బ్యాటరీకి తీగలు తగిలించుకున్న రోజులు మర్చిపోయారా అంటుంది. తలుపులకు తుప్పు పట్టేది, గ్యాస్ మంచినీళ్లలా తాగేది అంటుంది. నిజమే. ఇప్పటి కారు లోపల కూర్చుని బొత్తాం నొక్కితే కదులుతుంది, సీటు కూడా వెచ్చగా ఉంటుంది. అయినా ఆ తీగలు పట్టుకుని వచ్చిన పక్కింటివాళ్ల పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఇప్పుడు మా వీధిలో ఎదురింట్లో ఎవరుంటారో నాకు తెలియదు.

సరే, ఊరు చూపిస్తానని చెప్పాను కదా. కాపిటల్ భవనంతో మొదలుపెట్టండి. ఎలైజా మయర్స్ అనే ఆయన గీసిన నమూనా. 1873లో శంకుస్థాపన, 1879 జనవరి 1న ప్రారంభం. వాషింగ్టన్‌లోని గుమ్మటాన్ని అనుసరించి కట్టిన రాష్ట్ర భవనాల్లో తొలితరానిది. ఆ తర్వాత టెక్సాస్, కొలరాడో రాష్ట్రాలకు కూడా ఆయనే గీశాడు. మొత్తం ఖర్చు పద్నాలుగు లక్షల డాలర్ల పైచిలుకు. డబ్బు చాలక, పాలరాయి కొనలేక, కొయ్యకూ గచ్చుకూ పాలరాయి రంగులు వేయించారు. లోపల మీకు వాల్‌నట్ చెక్కలా కనబడేదంతా చవక పైన్ చెక్క. చేయి తిరిగిన పనివాళ్లు కుంచెతో ఈనెలతో సహా దిద్దారు. అలా చేత్తో రంగులు వేసిన మేర తొమ్మిది ఎకరాలకు పైన. వేలితో తట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. పేదరికంలో కూడా పనితనం ఎలా ఉండేదో చూడండి. ఇప్పుడు డబ్బుండీ అట్టముక్కలు అతికించి ఇల్లు కడుతున్నారు.

నేనిక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నేను మొదట చూసినప్పుడు ఆ రంగులు లేవు. వాటి మీద మామూలు పెయింటు కొట్టేశారు. ఎత్తయిన గదుల్ని మధ్యలో అడ్డంగా కోసి, ఒక్కో అంతస్తును రెండు చేసి, గుమాస్తాల్ని ఇరికించారు. 1989 నుంచి 1992 దాకా మూడేళ్లు పెట్టి అవన్నీ పీకేసి, పొరలు పొరలుగా పెయింటు గీకి, కింద దాగిన పాత పనిని బయటికి తెచ్చి మళ్లీ దిద్దారు. కొలువు నుంచి భోజనానికి వెళ్లే దారిలో ఆ పని చూస్తూ నిలబడిపోయేవాణ్ణి. మా రోజులకన్నా ఇవాళ్టి రోజే మెరుగు అని నేను ఒప్పుకునేది ఆ భవనం దగ్గర.

ఒప్పుకున్నానని పొంగిపోకండి. అప్పట్లో ముందుమెట్లెక్కి, పెద్ద తలుపు తోసుకుని, ఎవరినీ అడక్కుండా లోపలికి పోయేవాళ్లం. శాసనసభ్యుడు మెట్ల మీద ఎదురైతే పలకరించేవాళ్లం. ఇప్పుడు నేల కింద 2022లో హెరిటేజ్ హాల్ అని కట్టారు. తనిఖీ యంత్రాలూ వచ్చాయి. కాలం అలా ఉంది, అర్థం చేసుకోగలను. కానీ ప్రజల ఇంట్లోకి ప్రజలు జేబులు వెతికించుకుని వెళ్లడం నాకు మింగుడుపడదు. లోపలికెళ్లాక గుమ్మటం కింద గాజు నేల ఉంటుంది. 976 గాజు పలకలు. బడిపిల్లలు వరసగా దాని మీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తారు, పైన నక్షత్రాలు వేసుంటాయి. మీరూ పడుకోండి. ఎవరూ ఏమీ అనరు. ఫోన్ జేబులో పెట్టి పడుకోండి.

అక్కణ్ణించి వాషింగ్టన్ అవెన్యూ మీదికి నడవండి. నాప్స్ అనే పెద్ద దుకాణం ఉండేది, 1930ల చివర కట్టిన భవనం, పసుపు నీలం పలకలతో, మూలలు గుండ్రంగా తిరిగి, గాజు ఇటుకల కిటికీలతో. నేను కొన్న మొదటి స్నో కోటు అక్కడిదే. కొలతలు తీసి, చేతులు పొడవైతే మడతపెట్టి కుట్టించి ఇచ్చారు. 1980లో మూతపడింది, ఏళ్ల తరబడి వెలవెలబోయింది. ఇప్పుడు లోపల అపార్ట్‌మెంట్లు. భవనాన్ని శుభ్రంగా బాగుచేశారు, పలకల రంగు తిరిగొచ్చింది, కూల్చనందుకు సంతోషం. కోటు మాత్రం మీరు ఇంట్లో కూర్చుని తెప్పించుకుంటారు, సరిపోకపోతే తిప్పి పంపుతారు. నది ఒడ్డున 1938 నాటి సిటీ మార్కెట్ ఉండేది. శనివారం పొద్దున్నే రైతులు వంకాయలు తెచ్చేవాళ్లు, కాకరకాయ పండించమని ఒకాయన్ని బతిమాలి గింజలిచ్చిన తెలుగువాళ్లున్నారు. పాతది కొట్టేసి 2010లో పక్కనే కొత్తది కట్టారు. అది పదేళ్లు కూడా బజారుగా నిలవలేదు. ఇప్పుడక్కడ షఫుల్‌బోర్డు ఆటలూ, తినుబండారాలూ. కూరగాయలు లేవు.

ఊళ్లో అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ఇంకోటుంది. రాన్సమ్ ఓల్డ్స్ కట్టుకున్న పెద్ద ఇల్లు. ఆ ఇంటి కారు గదిలో తిరిగే పళ్లెం పెట్టించాడు. కారు ముందుకు నడిపి లోపల పెడితే, పళ్లెం తిరిగి మళ్లీ ముఖం బయటికి పెట్టి నిలబెడుతుంది, వెనక్కి నడిపే పని లేకుండా. ఆ ఇంటిని 1960లలో కూల్చేశారు. దేనికి? హైవే కోసం. ఐ-496. తర్వాత ఆ హైవేకి ఆయన పేరే పెట్టారు. కార్లు చేసినవాడి ఇల్లు కార్ల దారికి అడ్డొచ్చింది. ఆయన ఇల్లు ఒక్కటే పోతే అదొక ఎత్తు. దాని పక్కన నల్లజాతి కుటుంబాల పేట మొత్తం, ఇళ్లూ దుకాణాలూ, ఆ హైవే కింద పడిపోయింది. వేరే చోట వాళ్లకు ఇల్లు అమ్మని కాలం అది. నేను రోడ్ల ఇంజనీర్ని. ఆ రోడ్డు నేను రాకముందే అయింది. అయినా దాని మీద బండి నడిపిన ప్రతిసారీ ఇక్కడ ఎవరి వంటిల్లు ఉండేదో అనుకుంటూ నడిపాను. అక్కడి మెయిన్ స్ట్రీట్‌కి ఇప్పుడు మాల్కం ఎక్స్ పేరు పెట్టారు. ఆయన చిన్నతనం ఈ ఊళ్లోనే గడిచింది. ఆ వీధిలో కారు ఆపి కాసేపు నడవండి.

నది ఒడ్డునే ఆర్.ఇ. ఓల్డ్స్ ట్రాన్స్‌పోర్టేషన్ మ్యూజియం. పెద్ద భవనం కాదు, అద్దాల హంగులు లేవు. కర్వ్‌డ్ డాష్, రియో కార్లు, స్పీడ్ వాగన్, ముందు చక్రాలతో నడిచే టొరొనాడో, అన్నీ చేయి చాస్తే అందేంత దగ్గరగా ఉంటాయి. గడ్డి కోసే మోటారు యంత్రాలు కూడా ఉంటాయి, రియో వాళ్లు అవీ చేశారు. మీ ఇంటి ముందు శనివారం శనివారం రొద పెట్టే ఆ యంత్రం తాతలు అక్కడున్నారు. ఓపిగ్గా చూస్తే సగం రోజు పడుతుంది. మొన్న మా కళ్లముందే ఒక కుటుంబం వచ్చి, ప్రతి కారు ముందూ నిలబడి ఫొటో దిగి, ఒక్క పలకా చదవకుండా కాఫీ చల్లారేలోపు వెళ్లిపోయింది. తెలుగువాళ్లే. పలకరిస్తే “టైం లేదంకుల్” అన్నారు.

ఓల్డ్స్‌మొబిల్ పేరు చచ్చిపోయిన రోజు గురించి కూడా చెప్పాలి. 2000 డిసెంబరులో ఆపేస్తున్నామని ప్రకటించారు. 2004 ఏప్రిల్ 29న లాన్సింగ్‌లో ఆఖరి కారు, అలెరో, లైను దిగింది. కార్మికులు దాని మీద సంతకాలు చేశారు. నూట ఏడేళ్ల పేరు. మూడున్నర కోట్ల పైచిలుకు బండ్లు. అమెరికాలో అప్పటికి బతికున్న కారు పేర్లన్నిటిలో పెద్దది అదే. నాకు బండి అమ్మిన పెద్దాయన అప్పటికి లేడు. ఉండి ఉంటే తట్టుకోలేకపోయేవాడు. ఆ పాత కర్మాగారాలు కూల్చేశారు. కంచె వేసిన ఖాళీ నేల ఎకరాలకెకరాలు కనబడుతుంది. ఊళ్లో కార్లు చేయడం ఆగిందని కాదు. గ్రాండ్ రివర్ ప్లాంటులో కాడిలాక్‌లు చేస్తున్నారు, డెల్టా టౌన్‌షిప్‌లో పెద్ద బండ్లు చేస్తున్నారు. కానీ లోపల మరమనుషులెక్కువ, మనుషులు తక్కువ. షిఫ్టు మారితే ఊరికి తెలియదు. కరెంటు కేంద్రం మూడు పొగగొట్టాలూ నది ఒడ్డున అలాగే నిలబడ్డాయి, పొగ లేదు. గాలి శుభ్రపడింది, మా ఆవిడ ఆయాసానికి అది మేలే. పొగ ఉన్నరోజుల్లో ఆ ఊరు ఇళ్లు కొనుక్కుంది, పిల్లల్ని చదివించింది, అది కూడా మేలే.

ఆ పిల్లల్లో ఒకడు ఎర్విన్ జాన్సన్. మీరు మ్యాజిక్ జాన్సన్ అంటారు. వాళ్ల నాన్న ఫిషర్ బాడీలో పనిచేసేవాడు. ఎవరెట్ హైస్కూల్లో ఆడుతుంటే స్థానిక పత్రిక విలేకరి ఆ పేరు పెట్టాడు. యూనివర్సిటీకొచ్చాక జెనిసన్ ఫీల్డ్ హౌస్‌లో ఆట చూడటానికి మంచులో వరసలో నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. బాస్కెట్‌బాల్ నియమాలు సగం తెలియవు నాకు, అయినా నిలబడ్డాను. 1979 మార్చిలో లారీ బర్డ్ జట్టును 75-64తో ఓడించి జాతీయ విజేతలైన రాత్రి, గ్రాండ్ రివర్ అవెన్యూ అంతా మనుషులే. ముక్కూమొహం తెలియనివాళ్లు కౌగిలించుకున్నారు. ఇప్పుడు ఆట గెలిస్తే ఫోన్‌లో బొమ్మలు పంపుకుంటున్నారు.

ఇక యూనివర్సిటీ. 1855లో వ్యవసాయ కళాశాలగా పెట్టారు. మీరు పిల్లని తీసుకెళ్లి అడ్మిషన్ల ఆఫీసూ, హాస్టలూ చూసి వచ్చేశారు. దేశంలో శాస్త్రీయ వ్యవసాయం నేర్పడానికి కట్టిన మొదటి భవనం ఉన్నచోట బోమాంట్ టవర్ ఉంది, 1928 నాటిది, గంటలు మోగుతాయి. ఆ చెట్ల కింద కూర్చున్నారా? రెడ్ సీడార్ నదిలో బాతులకు గింజలు వేశారా? డెయిరీ స్టోర్‌లో ఐస్‌క్రీం తిన్నారా? అక్కడి పాలతో అక్కడే చేస్తారు. 2012లో గ్రాండ్ రివర్ పక్కన జాహా హదీద్ గీసిన మ్యూజియం ఒకటి లేచింది, స్టీలు రేకులు మడతలు పెట్టి, గోడలన్నీ ఒరిగి. గోడ నిట్టనిలువుగా ఉండాలని, గుండు వేలాడదీసి చూడాలని నాకు కాకినాడలో నేర్పారు. ఎర్ర ఇటుకల భవనాల మధ్య అది నాకు ఎప్పటికీ పొసగదు. మా మనవరాలు దాని ముందు గంటసేపు నిలబడి బొమ్మ గీసుకుంది. అది నిలబడి చూసింది కాబట్టి దాన్నేమీ అనలేదు.

మా రోజుల్లో ఆ ఊళ్లో తెలుగు ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కరివేపాకు లేదు, గోంగూర లేదు. గుడి లేదు. వినాయక చవితి ఎవరింట్లోనో బేస్‌మెంటులో. పులిహోరకు చింతపండు ఎవరైనా ఇండియా నుంచి తెస్తే నలుగురూ పంచుకునేవాళ్లం. ఇప్పుడు హాస్లెట్‌లో భారతీయ టెంపుల్ ఉంది, నోవైలో వేంకటేశ్వరుడున్నాడు, దుకాణంలో గోంగూర కట్టలు కట్టలుగా ఉంది. మంచిదే, ఆ లేమి మళ్లీ రావాలని నేను కోరను. కానీ చింతపండు పంచుకున్నవాళ్లం మేం యాభై ఏళ్ల తర్వాత కూడా ఒకరి ఇంటికి ఒకరం చెప్పకుండా వెళతాం. మీరు ఫోన్ చేసి, రోజు ఖాయం చేసుకుని, అదీ ఆఖరు నిమిషంలో మానేస్తారు.

కాబట్టి నాయనా, ఈసారి సెలవు రెండు రోజులు దొరికితే నయాగరాకు పోకు. దాన్ని నువ్వు చూశావు. పాత గ్రాండ్ రివర్ రోడ్డు మీద మెల్లగా లాన్సింగ్ వెళ్లు. ఒక పూట కాపిటల్, ఒక పూట ఓల్డ్స్ మ్యూజియం, సాయంత్రం నది వెంట ఓల్డ్ టౌన్ దాకా నడక. శరత్కాలమైతే అక్కడ చేపల మెట్ల దగ్గర సాల్మన్ చేపలు ఎదురీదడం కూడా చూడొచ్చు. పిల్లల్ని తీసుకెళ్లు, వాళ్ల చేతుల్లోంచి ఫోన్లు తీసుకుని డిక్కీలో పెట్టు. మ్యూజియంలో తల నెరిసిన మనిషి కనబడితే, “మీరు ఏ ప్లాంటులో పనిచేశారండీ?” అని అడుగు. అడిగి, ఆయన చెప్పడం అయ్యేదాకా అక్కణ్ణించి కదలకు.